సన్‌రైజర్స్ 2026 వేలం: బ్యాటింగ్ నిండింది, 20 ఓవర్ల కాగితంలో ఖాళీలు మిగిలాయి

తిరుపతి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "సార్, ఐపీఎల్ వేలం అయిపోయింది. లివింగ్‌స్టన్‌కి 13 కోట్లు పెట్టడం సరైన పనేనా? షమీని పంపేశాక బౌలింగ్ సంగతేంటి? మన హైదరాబాద్ జట్టుకి ఇంకా ఏం తక్కువ?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. బ్యాటింగ్‌కి ఢోకా లేదు. బౌలింగ్‌లో రెండు చోట్ల గండి ఉంది, ఈ వేలం వాటిని పూడ్చలేదు. ఇంగ్లండ్ ఆల్‌రౌండర్ లివింగ్‌స్టన్ మంచి ఆటగాడే. కానీ ఆయన తుది జట్టులోకి వస్తే కూర్చోవాల్సింది ఎవరో చూస్తే నాకు మనసు ఒప్పడం లేదు. ఇది 2026 జనవరి మొదట్లో రాస్తున్నాను. సీజన్ మార్చి ఆఖర్లో కాబట్టి కొన్ని మారొచ్చు.

చిత్తూరులో చాలా ఏళ్లుగా పిల్లలకు బౌలింగ్ నేర్పుతున్నాను. జిల్లా స్థాయిలో జట్లు ఎంపిక చేసేటప్పుడూ కూర్చున్నాను. టీ20కి జట్టు రాయమంటే నేను పదకొండు పేర్లతో మొదలుపెట్టను. కాగితం మీద ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వేసి, ఏ ఓవర్ ఎవరు వేస్తారో ముందు నింపుతాను. ఎవరూ నాలుగు ఓవర్లకు మించి వేయకూడదు కదా, కనీసం ఐదుగురు కావాలి. ఒకరికి దెబ్బలు పడితే సర్దుకోవడానికి ఆరో మనిషి. ఆ కాగితం నిండాకే బ్యాటింగ్ ఆర్డర్. ఈ అలవాటు ఊరికే రాలేదు. ఒకసారి జిల్లాల టోర్నీకి ఏడుగురు మంచి బ్యాటర్లతో వెళ్లాం. 180 పైన కొట్టి కూడా ఓడిపోయాం. పధ్నాలుగో ఓవర్ దాటాక బంతి ఎవరి చేతికివ్వాలో మా కెప్టెన్‌కి తెలియలేదు. పాపం, ఆ పిల్లాడు మైదానం మధ్యలో నిలబడి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తప్పు వాడిది కాదు, జట్టు రాసిన మాది.

2025లో సన్‌రైజర్స్‌కి జరిగిందీ ఇంచుమించు అదే. మొదటి మ్యాచ్ గుర్తు తెచ్చుకో. ఉప్పల్‌లో రాజస్థాన్ మీద 286 కొట్టాం, ఇషాన్ కిషన్ 106 నాటౌట్. అందరం సంబరపడ్డాం. కానీ అవతలి వాళ్లు 242 చేశారు. 286 కొట్టిన రోజు కూడా మన బౌలర్లు 242 ఇచ్చారన్నమాట. తర్వాతి మ్యాచ్‌లో అదే ఉప్పల్‌లో మనం 190 చేస్తే లక్నో 16.1 ఓవర్లలో కొట్టేసింది. పూరన్ 26 బంతుల్లో 70. అక్కడి నుంచి వరసగా నాలుగు ఓటములు. సీజన్ మొత్తం మీద 14 మ్యాచ్‌ల్లో 6 గెలుపులు, 7 ఓటములు, ఒకటి వానకు పోయింది. ఆరో స్థానం. పంజాబ్ మీద అభిషేక్ 141, కోల్‌కతా మీద క్లాసెన్ 37 బంతుల్లో సెంచరీ, ఇవన్నీ చూసిన సీజన్‌లోనే మనం ప్లేఆఫ్స్‌కి వెళ్లలేదు. ఆ పంజాబ్ మ్యాచ్‌లో షమీ నాలుగు ఓవర్లకు 75 ఇచ్చాడు, ఒక్క వికెట్ లేదు.

కాబట్టి ఈసారి ఆఫ్ సీజన్‌లో ఏం చేయాలో అందరికీ కనిపిస్తూనే ఉంది. షమీని 10 కోట్లకే లక్నోకి ఇచ్చేశారు. తొమ్మిది మ్యాచ్‌ల్లో ఆరు వికెట్లు, ఓవర్‌కి పదకొండు పరుగుల పైన. వయసు, మోకాలు, చీలమండ చూసుకుంటే పంపడం తప్పని నేను అనను. జంపా, రాహుల్ చాహర్, సిమర్‌జీత్, ముల్డర్, అభినవ్ మనోహర్, అథర్వ తైడే, సచిన్ బేబీలను వదిలేశారు. 25.50 కోట్లతో డిసెంబర్ 16న అబుదాబీ వేలానికి వెళ్లారు. అంటే వెళ్లిపోయిన వాళ్లలో ప్రధాన పేసర్ షమీ, ఇద్దరు లెగ్ స్పిన్నర్లు ఉన్నారు. ఆ మూడు చోట్లకూ మనుషులు రావాలి.

వచ్చిందేమిటి? లివింగ్‌స్టన్ 13 కోట్లు. ఆస్ట్రేలియా ఆల్‌రౌండర్ జాక్ ఎడ్వర్డ్స్ 3 కోట్లు. పంజాబ్ కీపర్ సలీల్ అరోరా కోటిన్నర. శివమ్ మావి 75 లక్షలు. మిగతా ఆరుగురు తలా 30 లక్షలకు: శివాంగ్ కుమార్, క్రెయిన్స్ ఫులేట్రా, సాకిబ్ హుస్సేన్, ఓంకార్ తర్మలే, అమిత్ కుమార్, ప్రఫుల్ హింగే. మొత్తం 20.05 కోట్లు ఖర్చు, 5.45 కోట్లు మిగులు. జట్టులో 25 మంది పూర్తి, విదేశీయులు 8 మంది పూర్తి.

ఇప్పుడు జీతాల లెక్క వేసి చూడు. క్లాసెన్ 23, అభిషేక్ 14, హెడ్ 14, లివింగ్‌స్టన్ 13, ఇషాన్ 11.25. ఐదుగురు బ్యాటర్లకే 75.25 కోట్లు. జట్టు మొత్తం పరిమితి 125 కోట్లు. అటు మన దేశపు బౌలర్లను తీసుకుంటే హర్షల్ పటేల్ ఒక్కడికే 8 కోట్లు. ఆయన్ని పక్కన పెట్టి ఉనద్కట్, హర్ష్ దూబే, జీషాన్ అన్సారీ, మావి, ఆ 30 లక్షల కుర్రాళ్లు అందరినీ కలిపినా 5 కోట్లు దాటదు. డబ్బు తక్కువైతే బౌలింగ్ బాగుండదని కాదు నా మాట. తక్కువ ధరకు వచ్చిన వాడు ఇండియా క్యాప్ వేసుకున్న రోజులు చూశాం. కానీ మన భయం ఎక్కడుందో డబ్బు అక్కడికి పోలేదు. రవి బిష్ణోయ్ 7.20 కోట్లకు రాజస్థాన్‌కి వెళ్లాడు. జమ్ముకశ్మీర్ పేసర్ ఆఖిబ్ నబీ 8.40 కోట్లకు ఢిల్లీకి. మనం వదిలిన రాహుల్ చాహర్‌ని చెన్నై 5.20 కోట్లకు తీసుకుంది. లివింగ్‌స్టన్‌కి పెట్టిన 13 కోట్లలో బిష్ణోయ్, చాహర్ ఇద్దరి ధరలూ ఇమిడిపోతాయి.

సరే, ఆ 20 ఓవర్ల కాగితం తీద్దాం. ఉప్పల్‌లో మన మొదటి మ్యాచ్ అనుకో. బ్యాటింగ్ అభిషేక్, హెడ్, ఇషాన్, క్లాసెన్, లివింగ్‌స్టన్, నితీశ్, అనికేత్. తర్వాత కమిన్స్, హర్షల్, దూబే, ఉనద్కట్. ఇంపాక్ట్ ప్లేయర్‌గా, అంటే మ్యాచ్ మధ్యలో ఒకరి బదులు దిగే వాడిగా, జీషాన్. తుది జట్టులో ఉండగల నలుగురు విదేశీయులూ అయిపోయారు: హెడ్, క్లాసెన్, లివింగ్‌స్టన్, కమిన్స్.

పవర్‌ప్లేలో, అంటే మొదటి ఆరు ఓవర్లలో, కమిన్స్ రెండు, ఉనద్కట్ రెండు. ఇంకో రెండు? హర్షల్ పాత బంతి బౌలర్. కొత్త బంతి ఇస్తే ఆయన స్లో బాల్‌కి పట్టు దొరకదు. నితీశ్ 2025లో గాయం తర్వాత సరిగా బౌలింగే చేయలేదు, సీజన్ మొత్తానికి రెండు వికెట్లు. అంటే నాలుగో ఓవర్, ఆరో ఓవర్ ఖాళీ. ఇది మొదటి గండి. 2016లో మనం కప్పు గెలిచినప్పుడు ఈ చోట భువనేశ్వర్ ఉన్నాడు. 23 వికెట్లతో, సీజన్‌లో అందరికంటే ఎక్కువ తీసిన వాడికిచ్చే పర్పుల్ క్యాప్ ఆయనదే. బెంగళూరులో ఆ ఫైనల్ 8 పరుగులతో గెలిచాం. రెండేళ్ల తర్వాత వాంఖడేలో 118కే ఆలౌట్ అయి ముంబైని 87కి కట్టేశాం. ఈ జట్టుకి పేరొచ్చిందే అలా. భువనేశ్వర్ బెంగళూరుకి వెళ్లిపోయాక ఆ కుర్చీలో ఎవరూ కుదురుకోలేదు.

ఏడు నుంచి పదిహేను దాకా తొమ్మిది ఓవర్లు. దూబే నాలుగు, జీషాన్ రెండు, లివింగ్‌స్టన్ రెండు, ఒకటి హర్షల్. ఇది కాగితం మీద బాగానే కనిపిస్తుంది. లివింగ్‌స్టన్‌కి ఒక ప్రత్యేకత ఉంది. కుడిచేతి బ్యాటర్‌కి లెగ్ స్పిన్, ఎడమచేతి వాటానికి ఆఫ్ స్పిన్ వేస్తాడు. అది నిజంగా పనికొచ్చే విద్య. కానీ పార్ట్ టైమర్ పార్ట్ టైమరే. ఉప్పల్ లాంటి ఫ్లాట్ పిచ్ మీద నికోలస్ పూరన్ ముందు రెండు ఓవర్లు వేయించాలంటే కెప్టెన్‌కి టెన్షన్ తప్పదు. ఇది రెండో గండి.

పదహారు నుంచి ఇరవై. హర్షల్ మూడు, కమిన్స్ రెండు. ఇక్కడే నా బాధంతా ఉంది. మన దగ్గర ఇషాన్ మలింగ ఉన్నాడు. శ్రీలంక కుర్రాడు, 1.20 కోట్లు. గత సీజన్‌లో ఏడు మ్యాచ్‌ల్లో 13 వికెట్లు. ఆఖరి ఓవర్లలో యార్కర్, స్లో బాల్ రెండూ పెట్టగల వాడు. హర్షల్ 13 మ్యాచ్‌ల్లో 16, కమిన్స్ 14 మ్యాచ్‌ల్లో 16 తీస్తే మలింగ సగం మ్యాచ్‌ల్లో 13 తీశాడు. లివింగ్‌స్టన్ తుది జట్టులో ఉంటే మలింగ బెంచీ మీద కూర్చోవాలి. ఇంపాక్ట్ ప్లేయర్‌గా తెద్దామన్నా కుదరదు. మొదటి పదకొండు మందిలో నలుగురు విదేశీయులు ఉంటే ఇంపాక్ట్‌గా మన దేశం వాడే రావాలి. కాబట్టి ఆ 13 కోట్లు బ్యాటింగ్‌కి ఒక పేరు కలిపి, డెత్ ఓవర్ల నుంచి ఒక పేరు తీసేశాయి.

లివింగ్‌స్టన్‌ని ఎందుకు తీసుకున్నారో నాకు అర్థం కాకపోలేదు. క్లాసెన్ 2025 జూన్‌లో అంతర్జాతీయ క్రికెట్‌కి గుడ్‌బై చెప్పాడు. ఏడాదిలో కొన్ని నెలలే ఆడే బ్యాటర్‌కి తోడు ఒకరు ఉండాలి. పైగా మన టాప్ ఆర్డర్ కుప్పకూలిన రోజున మిడిల్‌లో నిలబడే వాడు లేడని పోయిన ఏడాది చూశాం. నితీశ్ 13 మ్యాచ్‌ల్లో 182 పరుగులే చేశాడు. లివింగ్‌స్టన్ పోయిన ఐపీఎల్‌లో బెంగళూరు తరఫున 10 మ్యాచ్‌ల్లో 112 పరుగులే చేసినా, ఆ తర్వాత ఇంగ్లండ్‌లో జరిగే హండ్రెడ్ టోర్నీలో రషీద్ ఖాన్‌ని వరసగా ఐదు బంతుల్లో 26 కొట్టాడు. అంత సత్తా ఉంది. అయితే ఈ వేలంలోనే మొదటిసారి పేరు పిలిచినప్పుడు ఎవరూ అడగలేదు. రెండోసారి వచ్చినప్పుడు పోటీ పెరిగి 13 దాకా పోయింది. బేస్ ప్రైస్ 2 కోట్ల మనిషి. జేబులో డబ్బు మిగిలి, మార్కెట్లో పెద్ద పేర్లు అయిపోయినప్పుడు ఇలాగే జరుగుతుంది.

నేనైతే లివింగ్‌స్టన్‌ని ప్రతి మ్యాచ్‌లో ఆడించను. చెన్నైలోని చెపాక్ లాంటి చోట, అవతలి జట్టులో స్పిన్‌కి తడబడే వాళ్లు ఎక్కువున్న రోజు ఆడిస్తాను. ఉప్పల్‌లో మలింగే ఉండాలి. ఐదో స్థానంలో నితీశ్, ఆరులో అనికేత్, ఏడులో సలీల్ అరోరా లేదా స్మరణ్. విశాఖలో ఢిల్లీ మీద మిగతా వాళ్లంతా చేతులెత్తేస్తే అనికేత్ ఒక్కడే 41 బంతుల్లో 74 కొట్టాడు. 30 లక్షల కుర్రాడు. వాడిని నమ్మొచ్చు. సలీల్ గురించి చెప్పాలంటే, వేలానికి రెండు రోజుల ముందు దేశవాళీ టీ20 టోర్నీ ముస్తాక్ అలీ ట్రోఫీలో జార్ఖండ్ మీద 45 బంతుల్లో 125 నాటౌట్. ఆ రోజు అవతలి జట్టు కెప్టెన్ మన ఇషాన్ కిషనే. కళ్లారా చూశాడు కాబట్టి ఆ కోటిన్నర పెట్టడం ఊరికే జరిగింది కాదనుకుంటున్నాను. ఈ వేలంలో నాకు బాగా నచ్చిన కొనుగోలు అదే.

స్పిన్ విషయం ఇంకాస్త చెప్పాలి. జంపా రెండు మ్యాచ్‌లు ఆడి గాయంతో వెళ్లిపోయాక మనకు నిలకడైన స్పిన్నర్ లేకుండా పోయాడు. జీషాన్ మొదటి మ్యాచ్‌లో మూడు వికెట్లు తీశాడు, డుప్లెసీ, మెక్‌గర్క్, రాహుల్. తర్వాత తొమ్మిది మ్యాచ్‌ల్లో మూడే. మంచి గుండె ఉన్న కుర్రాడు, బంతిని గాల్లో వదలడానికి భయపడడు. కానీ బ్యాటర్లు ఒకసారి చదివేశాక రెండో ఆయుధం కావాలి, అది ఇంకా రావాలి. హర్ష్ దూబే సంగతి వేరు. విదర్భ రంజీ గెలిచిన 2024-25లో ఒక్క సీజన్‌లో 69 వికెట్లు తీశాడు. రంజీ చరిత్రలో ఒక సీజన్‌కి అంతకు మించి ఎవరూ తీయలేదు. అలాంటి వాడు మనకు వేలంలో కాదు, సీజన్ మధ్యలో గాయపడిన ఆటగాడి బదులుగా వచ్చాడు. మూడు మ్యాచ్‌లు ఆడి ఐదు వికెట్లు తీశాడు. మొదటి మ్యాచ్ నుంచి వాడి చేతికి బంతి ఇవ్వాలి. రెండు ఓవర్లకు సిక్సర్లు పడ్డాయని మూడో మ్యాచ్‌లో పక్కన పెట్టకూడదు. స్పిన్నర్‌ని పెంచడమంటే దెబ్బలు తిననివ్వడం. మా దగ్గరికి వచ్చే పిల్లల తల్లిదండ్రులకు కూడా ఇదే చెప్తుంటాను. ఫులేట్రా ఎడమచేతి మణికట్టు స్పిన్నర్. అలాంటి వాళ్లని బ్యాటర్లు నెట్స్‌లో తక్కువ చూస్తారు కాబట్టి ఒకటి రెండు మ్యాచ్‌ల్లో పనికొస్తాడు. వరసగా ఆడించేంత అనుభవం ఇంకా లేదు.

2025 ఏప్రిల్ 25న చిత్తూరు నుంచి ఐదుగురం కారేసుకుని చెపాక్‌కి వెళ్లాం. మనకు హైదరాబాద్ కంటే చెన్నై దగ్గర కదా. రాణిపేట, శ్రీపెరంబుదూర్ మీదుగా వెళ్లి రాత్రికే తిరిగి రావొచ్చు. పసుపు సముద్రం మధ్యలో మా ఐదు నారింజ చొక్కాలు. మొదటి బంతికే షమీ వికెట్ తీశాడు. అవుటైంది మన గుంటూరు కుర్రాడు షేక్ రషీద్, ఆ ఒక్క క్షణం సంతోషమూ బాధా కలిసి వచ్చాయి. తర్వాత హర్షల్ నాలుగు వికెట్లు. బ్రెవిస్ కొట్టిన బంతిని కమిందు మెండిస్ గాల్లో పడుకుని పట్టాడు. చెన్నై 154 ఆలౌట్. మనం ఐదు వికెట్లతో గెలిచాం. చెపాక్‌లో చెన్నై మీద సన్‌రైజర్స్‌కి అదే మొదటి గెలుపు. ఆ రోజు మన బ్యాటర్లెవరూ హాఫ్ సెంచరీ కూడా చేయలేదు. బౌలర్లు, ఒక ఫీల్డర్ కలిసి గెలిపించారు. 286 కొట్టిన రోజు కంటే ఆ రాత్రి ఇంటికొచ్చేటప్పుడు నాకు జట్టు మీద ఎక్కువ నమ్మకం కలిగింది.

కమిన్స్ విషయం కూడా ఆలోచించాలి. నడుము నొప్పితో ఆషెస్‌లో మొదటి రెండు టెస్టులు ఆడలేదు. అడిలైడ్‌లో ఒక్క టెస్టు ఆడి ఆరు వికెట్లు తీసి మళ్లీ ఆగాడు. ఫాస్ట్ బౌలర్‌కి నడుములో ఎముక ఒత్తిడి గాయమంటే నేను ఇద్దరు పిల్లల్లో దగ్గరగా చూశాను. నొప్పి తగ్గిందని తొందరపడితే మళ్లీ మొదటికొస్తుంది. సీజన్ మొదట్లో ఆయన లేకపోతే ఏం చేయాలో ఇప్పుడే అనుకోవాలి. అప్పుడు లివింగ్‌స్టన్, మలింగ ఇద్దరూ ఆడొచ్చు, విదేశీ చోటు ఖాళీ అవుతుంది. కానీ కొత్త బంతి ఇంకా బలహీనమవుతుంది. కార్స్ ఫిట్‌గా ఉంటే ఆయన, లేకపోతే ఎడ్వర్డ్స్. కెప్టెన్సీకి ఇషాన్ ఉన్నాడు. జార్ఖండ్‌కి మొదటిసారి ముస్తాక్ అలీ కప్పు తెచ్చాడు, ఫైనల్లో 101 కొట్టి మరీ. నేనైతే ఆయనకే ఇస్తాను.

ఇక కొత్త బంతికి మన దేశం వాళ్లలో ఎవరున్నారు? శివమ్ మావి. గాయాల వల్ల 2022 తర్వాత ఐపీఎల్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఆరు కోట్లు పలికిన కుర్రాడు 75 లక్షలకు వచ్చాడు. కొత్త బంతిని లోపలికి తెచ్చే నేర్పు వాడిలో ఉంది. ఇండియా తరఫున మొదటి టీ20లోనే శ్రీలంక మీద నాలుగు వికెట్లు తీశాడు. శరీరం సహకరిస్తే ఆ నాలుగో ఓవర్, ఆరో ఓవర్ వాడివే. సహకరించకపోతే బిహార్ కుర్రాడు సాకిబ్, విదర్భ హింగే, ముంబై తర్మలేల్లో ఒకరు దూసుకు రావాలి. కొత్త బౌలింగ్ కోచ్ వరుణ్ ఆరన్ స్వయంగా 150 వేగంతో వేసి, గాయాలతో కెరీర్ పోగొట్టుకున్న మనిషి. ఈ కుర్రాళ్లని కాపాడుకోవడం ఆయనకు తెలిసినంతగా చాలామందికి తెలియదు. ఈ విషయంలో నాకు గట్టి నమ్మకమే ఉంది.

మరి ఇంకా చేయగలిగిందేమైనా ఉందా అంటే, ఉంది. 25 మంది నిండారు కాబట్టి మిగిలిన 5.45 కోట్లతో కొత్త వాణ్ని చేర్చుకోలేరు. కానీ సీజన్‌కి నెల ముందు దాకా ట్రేడ్ దారి, అంటే జట్లు ఆటగాళ్లని మార్చుకునే దారి, తెరిచే ఉంటుంది. ఈ వేలంలో కొన్న వాళ్లని ఇవ్వకూడదు, పాత వాళ్లని ఇవ్వొచ్చు. నాకు అధికారం ఉంటే బ్యాటర్లు తక్కువైన జట్టు దగ్గరికి వెళ్లి, పవర్‌ప్లేలో వేయగల మన దేశపు పేసర్‌ని అడుగుతాను. అందుకు బదులుగా కమిందు మెండిస్‌ని ఇవ్వడానికీ వెనుకాడను. ఆ చెపాక్ క్యాచ్ పట్టిన మనిషిని ఇచ్చేయమంటున్నానని నాకూ కష్టంగానే ఉంది. కానీ ఎనిమిది మంది విదేశీయుల్లో ఆయనకు చోటు దొరికే రోజులు బాగా తక్కువ. రెండో దారి, ఎవరైనా గాయపడితే వాళ్ల బదులు మరొకరిని తెచ్చుకోవడం. దూబే అలాగే వచ్చాడు కదా. దేశవాళీ మ్యాచ్‌లు చూసే మనుషులు ఇప్పటి నుంచే రెండు మూడు పేర్లు రాసి పెట్టుకోవాలి.

తమ్ముడూ, నువ్వు అడిగిన 13 కోట్ల సంగతికి నా మార్కులు పదికి ఐదు. సలీల్‌కి ఎనిమిది. మావికి ఏడు, ధర చూసి. అనుభవమున్న స్పిన్నర్‌ని కొనకుండా వచ్చినందుకు రెండు. నా కాగితంలో ఇప్పటికి నాలుగో ఓవర్, ఆరో ఓవర్, పధ్నాలుగో ఓవర్ దగ్గర పెన్సిల్‌తోనే పేర్లు రాశాను. మార్చిలో ప్రాక్టీస్ మ్యాచ్‌లు మొదలయ్యాక కొత్త బంతి ఎవరి చేతిలో ఉందో చూసి చెప్పు, అప్పుడు పెన్నుతో దిద్దుదాం.